నిద్రకు గాపున్న సవ్వడి

నిశ్శబ్దమే నిద్రకు తల్లి యని లోకమున నొక నమ్మకము కలదు. ఇది పూర్తిగా నిజమే యైనచో పల్నాటిలోని నడికుడి గ్రామమున నెవ్వరికిని నిద్ర పట్టగూడదు. గుంటూరునుండి వచ్చు రైలుమార్గ మచ్చట రెండుగా జీలినది. ఒక పాయ మాచెర్లకు బోవుచున్నది. రెండవది కృష్ణానదిని దాటి విష్ణుపురము, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికిందరాబాదు వైపు సాగుచున్నది. పల్నాటి నేల సున్నపురాతి నేల యగుటచే నా చుట్టుపట్ల రాతిగనులును, సున్నపు బట్టీలును, సిమెంటు కర్మాగారములును వెలసినవి. సరకుబండ్లకు రాత్రి పగలను భేదము లేదు. అయినను రైలుకట్ట ప్రక్కన గాపురమున్నవారు సుఖముగా నిద్రించుచునే యున్నారు. ఆ గృహస్థులలోనే కొందరు మార్గశిరమాసపు చలిలో సైతము దుప్పటి ముసుగుబెట్టుకొని, తలపై ఫ్యాను తిరుగనిదే నిద్ర రాదందురు. నడిరేయి కరెంటు పోయి ఫ్యాను ఆగినంతనే యులికిపడి లేతురు. గాలి కొరకైనచో చలికాలమున ఫ్యానేల? శబ్దమున్నంతసేపు నిద్రించి, శబ్దమాగినప్పుడు మేల్కొను నీ వింతకు కారణ మేమి?

నేడీ వింతనే సరకుగా జేసి యమ్ముచున్నారు. పిడికిలి కంటె కొంచెము పెద్దదగు నొక డబ్బాను మంచము చెంత నుంచి మీట నొక్కినచో, అది తెల్లవారులు వానజల్లు వలెనో, ఫ్యాను రొద వలెనో యొకే తీరున మ్రోగుచుండును. దీనిని వైట్ నాయిజ్ మెషీను అందురు. తెల్లని రవము నిచ్చు యంత్రమని మనము చెప్పుకొనవచ్చును. సెల్‌ఫోనులో నదే రవము నిచ్చు సాధనములును వచ్చినవి. కొందరు దీనిని పాశ్చాత్యుల వెఱ్ఱి యని పరిహసించుచున్నారు. కొందరు దివ్యౌషధ మని కొనుచున్నారు. ఇరువురును దీని పూర్వచరిత్రను దెలిసికొనుట మేలని మా యభిప్రాయము. యంత్రము క్రొత్తది, అది చేయు పని మిక్కిలి ప్రాచీనము. ఆ చరిత్రయందు, ఒకని నిద్ర కొరకు మఱియొకరెవరు మేలుకొని యుండిరను ప్రశ్న యొకటి దాగియున్నది.

మన వైద్యశాస్త్రము నిద్రను చిన్నచూపు చూడలేదు. చరకసంహిత ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమునకు మూడు ఊతలుగా బేర్కొన్నది. ఆ గ్రంథముననే సూత్రస్థానము 21వ అధ్యాయమున నిద్ర పట్టనివారికి జేయదగిన యుపచారములు వరుసగా జెప్పబడినవి. తలంటు, స్నానము, పెరుగుతో వరియన్నము, పాలు, ఒళ్లు పిసుకుట, మెత్తని పడక, సుఖమైన గృహము, అలవాటైన వేళ—వీనితోపాటు మనస్సునకు హితమైన పరిమళములును, మనస్సునకు హితమైన శబ్దములును ఆ పట్టికలో గలవు. మద్యమును గూడ నందు జేర్చిరి. అది తొలుత మత్తు గొలిపినను నిద్ర యుత్తరభాగమును జెఱచునని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు గనుక దానిని మేము విడిచిపెట్టుచున్నాము. ఇచట గమనింపదగిన దేమనగా, ఆచార్యులు శబ్దము నంతటిని వెడలగొట్టుడని చెప్పక, హితమైన శబ్దమును దెచ్చుకొనుడని చెప్పిరి.

క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమున రోము రాజ్యమందు సెల్సస్ అను గ్రంథకర్త లాటిను భాషలో వైద్యమును గూర్చి వ్రాసెను. నిద్ర పట్టని రోగి చెంత గొట్టమునుండి నీరు జాలువారు చప్పుడు మేలు చేయుననియు, వ్రేలాడదీసిన పడకను ఊపుట మఱింత మేలు చేయుననియు నతడు తెలిపియున్నాడు. ఈ రెండవ యుపాయమును మన పల్లెలలోని తల్లికి ఏ వైద్యుడును నేర్పలేదు. ఇంటి దూలమునకు చీర ఉయ్యాల గట్టి, ‘ఉళుళుళు హాయి’ యని గొంతు సన్నగించి బిడ్డను నిద్రపుచ్చుట ఆమెకు బుట్టుకతో వచ్చిన విద్య. మొదటి యుపాయమునకు మాచెర్ల దాపున చంద్రవంక నీరు దుముకు ఎత్తిపోతల జలపాతమే సాక్షి. దాని యొడ్డున గూర్చున్నవాడు కొంతసేపటికి ఆ ఘోషను మఱచును. ప్రక్కవాడు మెల్లగా నాడిన మాట మాత్రము వానికి వినబడదు. యంత్ర రహస్యమంతయు నీ రెండు సంగతులలోనే యున్నది.

కంటికి రెప్ప కలదు. చెవికి తలుపు లేదు. మనుష్యుడు నిద్రించునప్పుడు సైతము చెవి కావలి కాయుచునే యుండును. ఆ కావలివాడు శబ్దము నంతటిని బట్టించుకొనడు, మార్పును బట్టించుకొనును. నిశ్శబ్దపు రేయి కుక్క యొక్కసారి మొఱిగినచో, ఆ మొఱుగునకును అంతకుముందున్న నిశ్శబ్దమునకును గల యంతర మెక్కువ గనుక నిద్ర చెడును. సన్నని వానజల్లు కురియుచుండగా నదే కుక్క మొఱిగినచో నంతరము తగ్గును. పగటివేళ చుక్కలు లేకపోలేదు. వెలుతురు వానిని గప్పివేయుచున్నది. అట్లే యేకరీతిగల రవము చిన్న చప్పుళ్లను గప్పివేయును. తెల్లని కాంతిలో నన్ని రంగులును గలసియున్నట్లు, మందరము మొదలు తారము వఱకు గల స్వరము లన్నియు సమశక్తితో గలసియున్న రవమునకు తెల్లని రవమని శాస్త్రజ్ఞులు పేరిడిరి. అందు పాట లేదు, మాట లేదు, వార్త లేదు. చెవి వినదగిన దేదియు లేదు గనుకనే చెవి విశ్రమించును. రైలుకట్ట ప్రక్కవాని సంగతి కొంచెము వేఱు. బండి చప్పుడు వానికి అలవాటైపోయి, అపాయమును దెలుపు గుణమును గోల్పోయినది. ఫ్యాను ఆగినప్పుడు మేల్కొనువాని సంగతి స్పష్టమే. వానిని లేపినది మార్పు. ఆ మార్పు నిశ్శబ్ద రూపమున వచ్చినది.

ఇక నా ప్రశ్నకు వత్తము. యంత్రములు లేని కాలమున నీ యెడతెగని సవ్వడిని కల్పించినవా రెవరు?

మొదటిది తల్లి. జోలపాటలోని మాధుర్యమును బండితులు కొనియాడుదురు. తాళ్లపాక వారి లాలి తిరుమలలో ఏకాంతసేవ వేళ నేటికిని వినబడుచున్నది. పగలెల్ల భక్తులకు దర్శనమిచ్చిన దేవునికి సైతము నిద్రకు ముందు లాలి కావలెనని మన పెద్దలు తలచుట యెంతయు మనోహరము. నీలాంబరి రాగము నిద్రకు దగినదని గాయకు లెఱుగుదురు. అయితే జోల పాడు తల్లి యెన్ని గంటలు మేల్కొనియుండునో యే కవియు లెక్కింపలేదు. పగలు పొలమున గలుపుదీసి, సాయంకాలము వండి వడ్డించి, నడిరేయి బిడ్డ యేడ్చినప్పుడు ఉయ్యాల త్రాడు బట్టు నామె నిద్ర యెవ్వరి ఖాతాలోను జమ కాలేదు. ఇంటిలో నందఱి నిద్రకును నామెయే కావలి. ఆమె నిద్రకు కావలి లేదు.

నీతిశాస్త్రములును నిద్రలో తారతమ్యములను బాటించినవి. చాణక్యుని పేర ప్రచారములో నున్న గ్రంథమున, నిద్రించుచుండగా లేపదగినవా రెవరు, లేపగూడనివా రెవరు అను రెండు జాబితాలు కలవు. లేపదగినవారిలో విద్యార్థి, బాటసారి మొదలగువారితోపాటు సేవకుడును, ద్వారపాలకుడును ఉన్నారు. లేపగూడనివారిలో పాము, పులి, బాలుడు, మూర్ఖుడు మున్నగువారితోపాటు రాజు కలడు. కావలివాడు కునుకుట అపాయము గనుక ఆ విధి చెప్పబడెనని సమర్థింపవచ్చును. అయినను రాజు నిద్ర పవిత్ర మనియు, సేవకుని నిద్ర తప్పిద మనియు నెంచు బుద్ధి సంఘమున వేళ్లూనుటకు నిట్టి వాక్యములు తోడుపడినవని మేము తలంచుచున్నాము.

ఆ బుద్ధి ఆంగ్లేయుల పాలనలో మిక్కిలి కఠినరూపమును దాల్చినది. దొరల బంగళాలలో పైకప్పునుండి పెద్ద గుడ్డపంకాను వ్రేలాడదీసి, దాని త్రాడును గోడ రంధ్రము గుండ వసారాలోనికి దీసికొనివచ్చెడివారు. అచట గూర్చున్న కూలివాడు రేయెల్ల త్రాడు లాగవలెను. పంకా విసరు గాలియు, త్రాటి కిఱ్ఱుమను సవ్వడియు లోన బండుకొన్నవానిని నిద్రపుచ్చుచుండెను. వెలుపల గూలివాడు అలసి కునికిన క్షణమున పంకా ఆగును; దొర మేల్కొనును. నడికుడిలో ఫ్యాను ఆగినప్పుడు గృహస్థుడు మేల్కొనుటకును, నాడు దొర మేల్కొనుటకును శరీరధర్మము ఒక్కటియే. ఫలము మాత్రము వేఱు. నేడు మనము విద్యుచ్ఛాఖను దిట్టుకొందుము. నాడు పంకా లాగువాడు తన్నులు తినెడివాడు. అట్టి దెబ్బలకు సేవకులు మరణించిన సందర్భములు 19వ శతాబ్దపు చరిత్రలో గలవు. మలేరియాచే నుబ్బిన ప్లీహము పగిలి చనిపోయెనని చెప్పి, కొట్టిన దొరలకు స్వల్పశిక్షలు విధించి విడిచిపెట్టుటయు న్యాయస్థానములలో జరిగినది. ఒకని నిద్రకు వేఱొకని ప్రాణము వెల యైన కాలమది.

1899లో కలకత్తాలో విద్యుత్సరఫరా ప్రారంభమైనది. క్రమక్రమముగా విద్యుత్పంకాలు దేశమున వ్యాపించినవి. పంకా లాగు వృత్తి నశించినది. యంత్రములు మనుష్యుల కూటిని దీయునని వాదించువారు కలరు; ఆ వాదములో నిజము కలదు. అయినను నిద్రలేమియే వృత్తిగా గల యీ కొలువు నశించుటకు విచారింప నవసరము లేదు. కూలివాని చేయి చేసిన పనిని మరచక్రము చేయుట నిక్కముగా నభివృద్ధియే. వేసవిలో రెంటచింతల మొదలగు పల్నాటి గ్రామముల యెండ తీవ్రత నెఱిగినవారికి, పేదవాని పూరింటిలోను ఫ్యాను తిరుగుట యెంతటి మార్పో చెప్పనక్కఱలేదు.

తెల్లని రవపు యంత్రము ఈ ఫ్యాను సంతానమే. అమెరికాలో జేమ్స్ బక్వాల్టర్ అను నమ్మకపు వ్యాపారి 1962లో ‘స్లీప్‌మేట్’ అను పేర దీనిని దయారు చేసెను. ప్రయాణములో బసచేసిన యింట గాలియంత్రపు రొద తన భార్యకు నిద్ర దెచ్చుట గమనించి అతడీ పనికి బూనెనని చెప్పుదురు. చిల్లులు గల చిన్న మూతలో ఫ్యానును బిగించి, గాలిని విడిచిపెట్టి దాని సవ్వడిని మాత్రము గ్రహించుట అందలి చమత్కారము. ఇర్వింగ్ టైబెల్ అను మఱియొక అమెరికా వాసి సముద్రపు టలల ఘోషను గణనయంత్రముతో సంస్కరించి గ్రామఫోను పలకగా 1969లో వెలువరించెను. నేటి డబ్బాలును, సెల్‌ఫోను సాధనములును వీరి బాటలో వచ్చినవే.

ఇది నిజముగా బనిచేయునా యని గృహస్థు లడుగుట సహజము. 1990లో నింగ్లండులోని వైద్యులు 40 మంది నవజాత శిశువులను రెండు జట్లు చేసి పరీక్షించిరి. తెల్లని రవము వినిన 20 మందిలో 16 మంది అయిదు నిమిషములలో నిద్రించిరి. వినని 20 మందిలో నట్లు నిద్రించినవారు 5గురు. ఇది మెచ్చదగిన ఫలమే. కాని 2021లో నిట్టి 38 పరిశోధనములను సమీక్షించిన పండితులు, నిద్రకు రవము తోడ్పడునని నిర్ధారించుటకు గల యాధారములు మిక్కిలి బలహీనములని తేల్చిరి. కావున నిది కొందఱి కుపకరించు నుపాయమే గాని యెల్లర రోగమునకు మందు కాదు. చప్పుడు గల యింట ఇది కొంత మేలు చేయవచ్చును. చింతచేతనో వ్యాధిచేతనో నిద్ర రానివాడు వైద్యుని జూడవలెను.

శిశువుల విషయమున మఱింత జాగ్రత్త వలయును. శబ్దమును గొలుచు డెసిబెల్ అను మానమునకు టెలిఫోనును గనిపెట్టిన గ్రాహం బెల్ పేరు పెట్టిరి. ఈ మానమున 10 పెరిగిన శబ్దశక్తి పదిరెట్లగును. 2014లో వెలువడిన యొక పరిశోధనలో శిశువుల కొరకు అమ్ముచున్న 14 యంత్రములను గరిష్ఠస్థాయిలో నుంచి కొలిచిరి. 30 సెంటిమీటర్ల దూరమున నన్నియు 50 డెసిబెల్లను మించినవి. ఆసుపత్రులలో శిశువులుండు గదులకు విధించిన హద్దు ఆ 50యే. మూడు యంత్రములు 85ను గూడ దాటినవి. 85 అనగా 50 కంటె మూడువేల రెట్లకు మించిన శక్తి. యంత్రమును ఉయ్యాలలో నుంచుట, బిగ్గరగా మ్రోగించుట, తెల్లవారులు విడుచుట తగదు. గదికి దూరపు మూల నుంచి, మెల్లగా మ్రోగించి, బిడ్డ నిద్రించిన వెనుక నాపివేయుట యుక్తము. మెల్లగా జోల పాడు తల్లి గొంతు బిడ్డ చెవిని జెఱుపదు. యంత్రమునకు ఆ వివేకము లేదు, దానిని మనమే సమకూర్పవలెను.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఈ యంత్రము చప్పుడును గప్పును, చప్పుడును మాన్పదు. వీధిలో మైకు హోరెత్తుచుండగా గది తలుపులు మూసి తెల్లని రవమును వినుచు బండుకొనువాడు తన కష్టమును దప్పించుకొనును. ప్రక్క గుడిసెలోని రోగి తప్పించుకొనజాలడు. రోము నగరమున జూలియస్ సీజరు కాలపు శాసనము పగటివేళ బండ్లను నిషేధించుటచే రాత్రులు చక్రముల రొదతో నిండినవి. ఆ నగరమున నిద్రింపవలెనన్న మిక్కిలి ధనము కావలెనని కవి జూవెనల్ ఆక్షేపించెను. రెండువేల యేండ్లు గడచినను నా యాక్షేపణ పాతబడలేదు.

అందుచే సంస్కర్తలు చప్పుడు పుట్టుచోటికే పోయిరి. ఫ్లారెన్సు నైటింగేలు రోగిసేవను గూర్చి 1859లో వ్రాసిన గ్రంథమున ననవసరపు చప్పుడును రోగిపట్ల గ్రూరత్వముగా నెంచినది. ఎడతెగని శబ్దము కంటె నాగి యాగి వచ్చు శబ్దమును, హఠాత్తుగా వచ్చు శబ్దమును రోగి నెక్కువ బాధించునని యామె నాడే గుర్తించినది. న్యూయార్కులో జూలియా రైస్ అను విదుషి నదిలోని పడవల ఈలలపై నుద్యమము నడిపి, 1906లో ననవసర శబ్దనివారణ సంఘమును స్థాపించినది. ఆసుపత్రుల చుట్టును నిశ్శబ్దమండలము లుండవలెనని యామె పోరినది. మన దేశమున 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసస్థలములలో రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు 45 డెసిబెల్లను హద్దుగా విధించినవి. ఆ వేళ బహిరంగస్థలములలో మైకులను నిషేధించినవి. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల వఱకు నిశ్శబ్దమండలములను గల్పించినవి. పండుగల కొరకు ప్రభుత్వము సంవత్సరమున 15 దినములకు మించకుండ నడిరేయి వఱకు సడలింపు నీయవచ్చును. 2005లో సుప్రీముకోర్టు ఈ నిబంధనలను బలపఱచినది. 2012లో నిద్ర మనుష్యుని ప్రాథమికహక్కులలో జేరునని చెప్పినది. లేపగూడనివారి జాబితాలో రాజునకు చోటిచ్చిన నీతినుండి, ప్రతి పౌరునికిని నిద్రయందు హక్కు గలదను ధర్మము వఱకు మన మెంతదూరము వచ్చితిమో చదువరులు గమనింతురుగాక.

కాని హక్కు కాగితముపై నున్నంత మాత్రమున నిద్ర రాదు. చట్టము రాత్రిని గాచినంతగా పగటిని గాయజాలదు. నడికుడి వంటి కూడలిలో రాత్రియెల్ల మేల్కొని బండ్లను నడపించు రైల్వే యుద్యోగియు, బట్టీ చెంత వంతుపని చేయు కార్మికుడును పగలు నిద్రింపవలసినవారు. వారి ప్రక్కయింట మధ్యాహ్నము పన్నెండింటికి టెలివిజను బిగ్గరగా మ్రోగినచో నిబంధనలు వారి కంతగా దిక్కు కాజాలవు. పొరుగువాని సౌజన్యమే దిక్కు. అర్ధరాత్రి ఆసుపత్రిలో రోగులను గాచి వచ్చిన నర్సు పగలు పండుకొన్నచో ‘ఇంత పొద్దెక్కిన నిద్రయా’ యని యెత్తిపొడుచు నలవాటును మన యిండ్లలో నింకను గాననగును. సేవకుని నిద్రను దప్పుగా నెంచిన పాతబుద్ధికి నిది శేషమే.

కావున గృహస్థులకు మా మనవి యిది. యంత్రమును గొనదలచినవారు కొనవచ్చును; తిరుగుచున్న ఫ్యానే చాలునన్నవారికి నదియు నక్కఱలేదు. అయితే దానికి ముందు మన యింటినుండి వెడలు చప్పుడును దగ్గింతము. శుభకార్యమునకు మైకు కట్టించునప్పుడు వీధిలో పసిబిడ్డయు, వృద్ధుడును, పరీక్షకు జదువు బాలికయు గలరేమో విచారింతము. బిడ్డను నిద్రపుచ్చు పనిని రాత్రులలో తండ్రియు పంచుకొనినచో తల్లికి నిద్ర మిగులును. ఈ యుపాయమునకు విద్యుచ్ఛక్తితో బని లేదు. పంకా త్రాడు మనుష్యుని చేతినుండి యంత్రమునకు మాఱినది. ఆ మార్పుచే మిగిలిన నిద్ర మేల్కొని శ్రమించువా రందఱికిని సమముగా బంచబడినప్పుడే సంస్కారము పూర్తియగును.